అత్త మీద ధ్యానం

మా ఆయన పోయిన నెలన్నరకి మా అమ్మాయి నన్ను ఫోన్‌లో ఒక క్లాసులో చేర్పించింది. మనసు కుదుటపడడానికి చెప్పే క్లాసు అంది. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అంది. ఎక్కడికి వెళ్తాను? కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరసలోవాళ్ళే ఎదురుపడితే ముక్కు మీది గుడ్డ పైకి లాక్కుని పక్కకి తిరిగిపోతున్న రోజులు.

ఆ నెలన్నరా నేను ఎలా ఉన్నానంటే, కూరలో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. ఫోన్ మోగితే ఎవరిదో చూడకుండా బోర్లా పెట్టేసేదాన్ని. పొద్దున్న లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికే ఒంటిని ఎవరో బండకేసి ఉతికినట్టుండేది. మధ్యమధ్యలో గుండె పట్టేసి గాలి అందేది కాదు. అప్పుడు బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి ఆ చప్పుడులో కూర్చునేదాన్ని. నాకూ ఆ జబ్బే అంటుకుందేమోనని ఆసుపత్రిలో చూపించుకుంటే, ఛాతీ బాగుంది, రక్తం బాగుంది, ఇది మనసుది అన్నాడు డాక్టరు. ఆ సంగతి మా అమ్మాయికి చెప్పాను. అది రాయ్‌పూర్‌లో బ్యాంకులో పనిచేస్తుంది. తండ్రి పోయినప్పుడు అదీ జ్వరంతో గదిలో పడి ఉంది, రాలేకపోయింది. ఒంట్లో బాగయ్యాక వచ్చి ఒక్కరోజు ఉండి, నా ఫోన్‌లో ఆ క్లాసు పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించి వెళ్ళిపోయింది.

ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా.

మా అత్తకి ఎనభై దాటాయి. మామగారి రైల్వే ఉద్యోగంతో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చి అరవై ఏళ్ళయినా ఆవిడ మాట మాత్రం నిన్ననే బండి దిగినట్టుంటుంది. కూరలు తెచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడతో తెలుగులోనే బేరమాడుతుంది. ఆవిడ తన భాషలో జవాబు చెబుతుంది. వాళ్ళిద్దరికీ బాగానే సాగుతుంది. నాతోనే సాగడం మానేసింది. ఆయన పోయిన రోజు గడప మీద కూర్చుని, నా మొహం చూడకుండా ఒక్క మాట అంది.

“నువ్వే పంపించేసినావు.”

ఆ తర్వాత నీళ్ళియ్యి, తలుపెయ్యి తప్ప మాటలేదు.

అన్నది అబద్ధమైతే నేను కొట్లాడేదాన్ని. ఆయన గూడ్స్ గార్డు. ప్యాసింజరు బళ్ళు ఆపేశారు గానీ బొగ్గు బళ్ళు ఆగలేదు, అందుకని ఆయన డ్యూటీ కూడా ఆగలేదు. ఎక్కడ అంటుకుందో, జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి వేలికి పెట్టే మిషన్‌లో అంకె తొంభై కిందకి దిగింది. ఆసుపత్రికి వెళ్దామన్నాను నేను. అత్త వద్దంది.

“అక్కడికెల్లినోల్లు తిరిగొత్తన్నారేటి? ఎవులొచ్చినారో సెప్పు. ఇంట్లో ఉంచు, నాను సూసుకుంతాను.”

ఆయన ఏమీ అనలేదు. మంచం పట్టె పట్టుకుని కూర్చున్నారు. నేను అత్త మీద అరిచి, తోర్వా రోడ్డు మీదకి పరిగెత్తి, దొరికిన ఆటో తెచ్చి, ఆయన్ని ఎక్కించి తీసుకెళ్ళాను. తొమ్మిది రోజులు లోపల ఉన్నారు. నన్ను లోపలికి రానివ్వలేదు. తొమ్మిదో రోజు వాళ్ళే ఫోన్ చేశారు.

తీసుకెళ్ళకపోతే బతికేవారా? అంట్లు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా నాకు ఇదే. జవాబు చెప్పగల మనిషి లేరు. నాకు గాలి అందనిది అత్త అన్న మాట వల్లేనని నాకు తెలుసు. డాక్టరుకి చెప్పలేదు, అమ్మాయికీ చెప్పలేదు. ఒకే ఇంట్లో, ఒకే వంట తింటూ, ఆ మాట ఆవిడ వెనక్కి తీసుకోదు, నేను మింగలేను.

క్లాసు వారానికి ఒక్కసారి, ఆదివారం పదకొండింటికి. మిగతా రోజులు ఇంటి దగ్గర ఏం చెయ్యాలో ఫోన్‌లో గ్రూపుకి రాసి పంపుతారు. చెప్పే ఆవిడని అందరూ మేడంజీ అనేవారు. వయసు మా అమ్మాయికన్నా నాలుగైదేళ్ళు ఎక్కువుంటుందేమో. అందులో ఉన్నవాళ్ళందరూ ఆ జ్వరాల్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళే, ఎక్కువమంది మొగుళ్ళు పోయినవాళ్ళు. అంతా హిందీలోనే. మొదటి ఆదివారం ఒక్కొక్కరూ ఎవరు పోయారో, ఇంట్లో ఇంకెవరున్నారో చెప్పేసరికే గంట అయిపోయింది. నా వంతు వచ్చినప్పుడు, “మై ఔర్ మేరీ సాస్” అన్నాను. నేనూ, మా అత్తా అని. మేడంజీ అసలు పాఠం మొదలుపెట్టే వేళకి ఫోన్ పట్టేసింది. ఆవిడ నోరు సగం తెరుచుకుని ఫోన్ అద్దంలో అలాగే నిలబడిపోయింది. మళ్ళీ తెరుచుకునేసరికి అందరూ చేతులు ఊపుకుంటూ వెళ్ళిపోతున్నారు.

సాయంత్రం ఇంటి పని రాసి పంపింది.

నా చదువు సంగతి ఇక్కడ చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను బడికి వెళ్ళలేదు. నలభై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది ఆయనే. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, పడుకునేలోపు అరగంట. ముందు తెలుగు, ఆ తర్వాత హిందీ. ఈ ఊళ్ళో బోర్డులన్నీ హిందీలోనే కదా. నేను మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేసేదాన్ని. ఆయన కాగితం మీద కర్గీ రోడ్ అని రాసిస్తే, ‘క’ ఒక్కటీ చూసి ‘కోట’ అనేశాను. ఆ స్టేషను ఉన్నది కోటలోనే కదా, అందరూ అనేదీ కోటే కదా అని వాదించాను. ఆయనకి కోపం వచ్చింది. “నీకు తెలిసింది కాదు, అక్కడ రాసింది చదువు. సిగ్నల్ ఊహించుకుని బండి నడుపుతారా ఎవరైనా? ఎరుపుంటే ఎరుపు, పసుపుంటే పసుపు” అన్నారు. అప్పటి నుంచి రాసింది రాసినట్టే చదువుతాను. వేలు పెట్టి చదువుతాను. వేలు దాటని మాట నోట్లోకి రానివ్వను.

హిందీలో నన్ను తిప్పలు పెట్టేది చుక్క ఒక్కటే. మన తెలుగు సున్న అక్షరం పక్కన అక్షరమంత లావుగా నిలబడుతుంది, కనపడలేదనడానికి వీల్లేదు. హిందీవాళ్ళు సున్న పెట్టరు. అక్షరం నెత్తిమీద ఈగ వాలినట్టు ఒక చుక్క పెడతారు. ఫోన్‌లో అయితే అది చుక్కో, మరకో, అద్దం తుడిచి చూసుకోవాలి. ఆ సాయంత్రం కొంగుతో తుడిచే చూశాను.

“దిన్ మే తీన్ బార్, పాంచ్ మినిట్, చుప్‌చాప్ బైఠ్‌కర్ అప్నీ సాస్ పర్ ధ్యాన్ దీజియే” అని ఉంది. రోజుకి మూడుసార్లు, అయిదేసి నిమిషాలు, మాట్లాడకుండా కూర్చుని మీ అత్త మీద ధ్యానం పెట్టండి అని. ఇంకా ఉంది. అత్తని మార్చాలని చూడకండి. ఎలా ఉంటే అలాగే చూడండి. మనసు ఎటైనా పోతే, నెమ్మదిగా మళ్ళీ అత్త దగ్గరికి రండి. “సాస్ తేజ్ హో తో ఘబరాయియే నహీ.” అత్త దురుసుగా ఉంటే కంగారు పడకండి.

మళ్ళీ వేలు పెట్టి చదివాను. అత్తే.

నాకు ఒళ్ళు మండింది. మేరీ సాస్ అన్నప్పుడు నా గొంతులో ఏం వినిపించిందో, ఈ మేడంజీ పట్టేసింది అనుకున్నాను. కాసేపటికి, నా ఒక్కదానికే కాదు, అందరికీ ఇదే మందేమో అనిపించింది. దేశంలో కోడళ్ళందరినీ అత్తలతో కలిపి తలుపులేసి కూర్చోబెట్టిన కాలం. చదువుకున్నవాళ్ళు ఆలోచించే చెప్పి ఉంటారు. మందు చేదుగా ఉందని డాక్టరుని అడుగుతామా? అమ్మాయిని కూడా అడగలేదు. అడిగితే నాయనమ్మతో ఏమైందని ఆరా తీస్తుంది.

సోమవారం పొద్దున్న ఫోన్‌లో అయిదు నిమిషాలు పెట్టుకుని అత్తకి ఎదురుగా గోడకి చేరబడి కూర్చున్నాను. ఆవిడ లాల్ భాజీ ఏరుతోంది, ఆ ఎర్రాకు. ఆకు తుంచడం, కాడ పక్కన పడెయ్యడం. రెండు నిమిషాలు చూశానో లేదో మనసు పోయింది. ఆసుపత్రి గేటు దగ్గరికి పోయింది. అక్కడ కుర్చీ వేసుకుని పేర్లు పిలిచే మనిషి దగ్గరికి పోయింది. మళ్ళీ అత్త దగ్గరికి రావాలి కదా, వచ్చాను. ఆవిడ ఏరుతూనే ఉంది. ఎంత కోపమొచ్చిందంటే, ఆ ఆకు పళ్ళెం లాక్కుని విసిరేద్దామనిపించింది. అలాగే కూర్చున్నాను. ఫోన్ మోగింది. అయిదు నిమిషాలు అంతసేపుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండోనాడు ఆవిడ కనిపెట్టింది.

“ఏటే, అలగ సూత్తన్నావు? నా మొకమ్మీద ఏటైనా రాసుందేటి?”

“ఏటీ లేదత్తా.”

“నేకపోతే ఎందుకు సూడ్డం? దిష్టి తగిల్తాది. ముసల్దానికి దిష్టేటని నవ్వుతారు గానీ, పళ్ళూడినోల్లకే బేగి తగిల్తాది.”

నెలన్నర తర్వాత ఆవిడ నాతో అన్నిమాటలు ఆడడం అదే. కానీ మాట్లాడకుండా కూర్చోవాలని రాసి ఉంది కదా. ఆవిడ విసుక్కుని అటు తిరిగి కూర్చుంది. నేను వీపు చూస్తూ కూర్చున్నాను. రవికె మీద చెమట ఎక్కడిదాకా దిగిందో చూశాను.

మూడోనాడు మధ్యాహ్నం ఆవిడ నన్ను సూటిగా అడిగింది. “నన్ను కూడా ఎక్కడికైనా పంపించేద్దామని సూత్తన్నావా? నువ్వూ నా మనవరాలూ ఫోనుల్లో గుసగుసలాడతన్నారు, నాకినపడదనుకున్నారేటి?”

పంపించేద్దామని. మళ్ళీ అదే మాట. నా గుండె పట్టేసింది, చెవుల్లో హోరు మొదలైంది. లేచి బాత్రూంలోకి పోదామనుకున్నాను. ఇంకా మూడు నిమిషాలున్నాయి. అత్త దురుసుగా ఉంటే కంగారు పడకండి. కంగారు పడుతూనే కూర్చున్నాను. ఆవిడ పెదాలు చూశాను. నన్ను అనేటప్పుడు కింది పెదవి వణుకుతోంది. తిట్టేవాళ్ళకి పెదవి వణకడమేమిటి అనిపించింది. ఫోన్ మోగాక, “నిన్నెక్కడికీ పంపనత్తా” అన్నాను. “పంపితే మట్టుకు ఎవులు తీసుకుంతారు” అంది.

ఆ సాయంత్రమే ఇంకొకటి చూశాను. మా ఇంట్లో రాత్రికి చపాతీలు, ఈ ఊరి అలవాటు. అత్త చపాతీ ముక్క టీలో ముంచి, ఎడమ వైపు దవడకి తోసి, అటే నములుతోంది. కుడివైపు రానివ్వడం లేదు. నమిలి నమిలి సగం చపాతీకే అలిసిపోయి, మిగిలింది మడిచి పళ్ళెం అంచున పెట్టేసింది. ఆ మడిచిన చపాతీ నేను రోజూ చూస్తున్నదే. నా చేతి వంట తినకుండా నన్ను సాధిస్తోందని రోజూ దాన్ని తీసి బయట ఆవుకి పడేస్తున్నాను. మర్నాడు పిండి గోరువెచ్చటి నీళ్ళతో కలిపి, నానబెట్టి, కాల్చిన వెంటనే మూతపెట్టాను. ఆవిడ ఒకటిన్నర తింది.

“ఈయేల మెత్తగున్నాయి.”

“కుడిపక్క పన్ను నొప్పా అత్తా?”

“పన్ను ఉంటే కదా నొప్పి. సంకురాత్రికి ముందే ఊడిపోనాది.”

వారమంతా ఇలాగే. నాకేదో మనసు తేలికైందని చెప్పను. అలసట అలాగే ఉంది. కానీ రోజులో మూడుసార్లు ఒక పని ఉండేది, ఆ పనిలో నేను ఏమీ చెయ్యక్కర్లేదు. మధ్యాహ్నం ఆవిడ పడుకుంటే మంచం పక్కన కూర్చునేదాన్ని. కళ్ళు మూసుకునేది గానీ రెప్పల కింద కళ్ళు తిరుగుతూనే ఉండేవి. లైను మీద కూత వినిపిస్తే, కళ్ళు తెరవకుండానే “గూడ్సు” అనేది. కాసేపటికి ఇంకోటి. “ఇదీ గూడ్సే.” ఆయన ఉన్నప్పుడు గతౌరా స్టేషను దగ్గర బండి నిలబెట్టేశారంటే, ఇంకో రెండు గంటలకి గాని ఇల్లు చేరరని లెక్క. అన్నం మూత తియ్యకుండా ఆవిడే కాపలా కూర్చునేది, నన్ను ముట్టనిచ్చేది కాదు. అప్పుడు నాకు అది పెత్తనంలా ఉండేది. పోయినవాడు నాకు మొగుడైనన్నాళ్ళకన్నా ఆవిడకి కొడుకైనన్నాళ్ళు ఎక్కువ. ఈ మాట ఎవరైనా చెబితే, తెలుసులే అనేదాన్ని.

రెండో ఆదివారం వచ్చింది. ఈసారి ఫోన్ కిటికీ దగ్గర పెట్టుకున్నాను, అక్కడైతే పట్టెయ్యదని. అత్త అవతలి గదిలో మంచం మీద ఉంది. మేడంజీ ఒక్కొక్కరినీ అడుగుతోంది, ఇంటి పని చేశారా, ఎలా అనిపించింది అని. ఒకావిడ, ముక్కు కొన దగ్గర చల్లగా తెలిసింది అంది. ఇంకొకావిడ, పొట్ట పైకి కిందకి కదలడం చూస్తూ నిద్రపోయాను అంది. వీళ్ళ అత్తల ముక్కులూ పొట్టలూ వీళ్ళకెందుకు అనుకున్నాను. పొట్ట మీద చెయ్యి వేసి చూసిందంటే ఆ అత్త ఎంత మంచిదో అని కూడా అనుకున్నాను.

నా వంతు వచ్చింది. రోజూ మూడుసార్లు చూశాను మేడంజీ అన్నాను. శభాష్ దీదీ, ఏం గమనించారు అంది.

“సాస్ ఏక్ హీ తరఫ్ సే చబాతీ హై” అన్నాను. అత్త ఒకవైపే నములుతుంది అని. “పహలే మాలూమ్ నహీ థా.” ముందు నాకు తెలియలేదు అని.

మొహాలన్నీ కదలకుండా ఉండిపోయాయి. నా ఫోనే పట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత ఎవరిదో మైకు తెరిచి ఉన్నట్టుంది, కిసుక్కున నవ్వు వినిపించింది. ఇంకో గొంతు, “అరే దీదీ!” అంది. మేడంజీ వేలు ముక్కు కింద పెట్టుకుని చూపించింది. “దీదీ, సాస్ నహీ. సాంస్. సాంస్.” ఊపిరి.

ఊపిరిని సాంస్ అంటారని నాకు తెలియక కాదు. ముప్ఫై అయిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. అక్కడ రాసింది సాస్ అని. నా చెవులు కాలిపోయాయి. ఫోన్ ఆపేద్దామంటే ఎక్కడ నొక్కాలో కూడా చేతికి తోచలేదు. ఇంతలో ఒక పెద్దావిడ, జబల్‌పూర్ వైపు మనిషిట, అంది, “నన్నడిగితే ఈ దీదీయే కష్టమైన పని చేసింది. మా సాస్ మీద అయిదు నిమిషాలు ధ్యానం పెట్టడం కన్నా నాకు అయిదు నిమిషాలు సాంస్ ఆపుకోవడం సులువు.” అప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన పోయాక నా నోట్లోంచి ఆ చప్పుడు రావడం అదే మొదలు. ఎవరిదో నవ్వులా వినిపించింది.

మేడంజీ తను రాసి పంపింది తీసి చూసుకుంది. నవ్వు ఆపుకుంటూ, “మాఫ్ కరనా దీదీ, తప్పు నాదే. బిందీ ఛూట్ గయీ” అంది.

అక్షరం మీది చుక్కని కూడా వాళ్ళు బిందీ అనే అంటారు. బొట్టు జారిపోయింది అన్నట్టు. నవ్వుతున్నవాళ్ళందరూ ఒక్కసారి ఆగిపోయారు. ఫోన్ అద్దంలో చిన్న చిన్న గళ్ళలో ఉన్నాయి కదా మొహాలు, ఎక్కువ మొహాల మీద బొట్టు లేదు. మేడంజీకి తను అన్నది అప్పుడు వినిపించినట్టుంది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కాసేపటికి ఆ జబల్‌పూర్ ఆవిడే, “కోయీ బాత్ నహీ బేటీ, ఆగే బోలో” అంది. పరవాలేదమ్మా, చెప్పు అని. క్లాసు మళ్ళీ సాగింది.

ఆ రాసింది మా అమ్మాయికి పంపాను. అది వెంటనే ఫోన్ చేసింది. నవ్వుతోంది, మధ్యలో ముక్కు చీదుతోంది. “అమ్మా, సచ్ మే బిందీ నహీ హై. నువ్వు కరెక్టే చదివావు. మేమైతే చూడకుండానే సాంస్ అని చదివేస్తాం.” తర్వాత అడిగింది, “వారం రోజులు నాయనమ్మని చూస్తూ కూర్చున్నావా? తిట్టలేదా?”

“తిట్టింది” అన్నాను.

ఫోన్ పెట్టేసేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది. ఆ నవ్వులేటి, అందరూ నన్ను చూసి నవ్వారా అంది. నా ఫోనులో సాస్ సాస్ అని వినపడిన ఆ మాటొక్కటి ఆవిడకి తెలిసినట్టుంది. కూర్చోబెట్టి చెప్పాను. ఊపిరి చూడమన్నారు, చుక్క పడిపోయింది, నేను నిన్ను చూశాను అని. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“అయితే ఇది నా కోసం సూడ్డం కాదు.”

“కాదత్తా.”

“రేపట్నుండి సూడవన్నమాట.”

సోమవారం నుంచి ఊపిరి మీదే ధ్యానం పెట్టాను, రాసినట్టు కాక చెప్పినట్టు. కుదరలేదు. లోపలికి పోయే గాలిని చూస్తే చాలు, ఆ నాలుగో రోజు మంచం పట్టె పట్టుకుని ఆయన లాగిన గాలి గుర్తొచ్చేది. ఆయన భుజాలు పైకి లేవడం, మెడ దగ్గర గుంట పడడం. నా ఊపిరి నాది కాకుండా పోయి, అది ఆయనదై, ఎక్కడ ఆగిపోతుందోనని చూసేదాన్ని. ఊపిరాడక పోయిన మనిషి ఇంట్లోవాళ్ళని ఊపిరి చూడమంటే ఎలా? అందులో మిగతావాళ్ళు ఎలా చూస్తున్నారో తెలియదు. బుధవారం పొద్దున్న రెండు నిమిషాలకే లేచిపోయి కుళాయి తిప్పుకుని కూర్చున్నాను.

తలుపు మీద చప్పుడైంది. “ఏటే, ఎంతసేపూ? టైమయింది, రావేటి?”

బయటికి వచ్చి చూస్తే అత్త గోడవారగా తన చోట కూర్చుని ఉంది. కొంగు సర్దుకుంది. జుట్టు తడి చేసి దువ్వుకుంది. ఫొటో తీయించుకునేవాళ్ళలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఫోన్‌లో అయిదు నిమిషాలు పెట్టాను.

ఆ రోజూ, తర్వాతి రెండు రోజులూ అలాగే కూర్చున్నాం. ఆవిడ ఇదివరకులా పని చేసుకోవడం మానేసి తిరిగి నన్ను చూడడం మొదలుపెట్టింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ. పిచ్చివాళ్ళలా ఉన్నామనిపించేది. కూరల ఆవిడ గుమ్మంలోంచి చూసి, దండం పెడుతున్నామనుకుందో ఏమో, చప్పుడు చెయ్యకుండా గంప దించింది.

శుక్రవారం నాడు అయిదు నిమిషాలు కాకముందే ఆవిడ మాట్లాడింది.

“నువ్వు ఆటోకని ఎల్లినావు కదా. ఆడు మంచమ్మీంచి నన్నడిగినాడు. అమ్మా, ఎల్లమంతావా అని.”

నేను ఆవిడ పెదాలే చూస్తున్నాను.

“నాను ఎల్లు అన్నాను.” చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. “నీతో మటుకు వద్దన్నాను. ఆడు అలగ గాలికి కొట్టుకుంతా అడిగితే నాకేటి సెప్పడానికి తోచినేదు. ఎల్లు నాయనా, మందేత్తే తగ్గిపోద్ది అన్నాను. నాను వద్దంటే ఆడు ఎల్లేవోడు కాదు. ఆడు నా మాట ఎప్పుడు తీసేసినాడు?”

నాకు వినిపించింది గానీ అర్థం కావడానికి కాసేపు పట్టింది. రెండు నెలలకి దగ్గర పడుతోంది అప్పటికి. ఆ రోజులన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కుళాయి చప్పుడులో కూర్చున్న పొద్దులన్నీ.

“మరి నన్నెందుకన్నావు అత్తా?”

“ఎవుల్ని అనను మరి?” అంది. “ఇంట్లో ఇంకెవులున్నారు?”

కోపం రావాల్సింది. వచ్చి ఉంటే బాగుండేదేమో. కోప్పడడానికి కూడా ఒంట్లో సత్తువ కావాలి. నాకు కూర్చున్నచోటే వెనక్కి వాలిపోవాలనిపించింది. ఆయన ఆవిడని అడిగారు. నేను రోడ్డు మీద చెయ్యెత్తుకుని ఆటోలని ఆపుతుంటే, ఇక్కడ ఆయన అమ్మని అడిగారు, ఆవిడ చెప్పింది. తీసుకెళ్ళకపోతే బతికేవారా అన్నది అలాగే ఉంది. దానికి అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు. ఆ ప్రశ్నని ఇన్నాళ్ళూ అవతలి గదిలో ఆవిడా వేసుకుంటోందని మాత్రం తెలిసింది.

ఫోన్ మోగింది. ఆపేశాను. ఇద్దరం లేవలేదు.

“ఇంకేటన్నారు?” అని అడిగాను. నేను లేని ఆ పది నిమిషాలు ఆవిడ దగ్గరే ఉన్నాయి కదా.

“ఏటీ అన్నేదు. నీల్లడిగినాడు. రెండు గుక్కలు తాగినాడు.” ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది. “నీతో ఏటన్నాడు, ఆటోలో?”

ఎవరూ నన్ను ఇది అడగలేదు. అమ్మాయి కూడా అడగలేదు. అడిగితే ఏడుస్తానని కాబోలు.

“పెద్దగా మాట్లాడలేదత్తా. మాస్కు తీసేస్తానన్నారు. ఊపిరాడట్లేదు, తీసేస్తానని. నేను వద్దన్నాను.”

ఆవిడ తల ఊపింది.

“ఏ పక్క కూకున్నాడు?”

“ఎడమ పక్క. గాలి తగుల్తుందని.”

“ఆ ఆటోలోల్లు బేగి తోల్తారు.” నా వైపు చూసింది. “తల బయటికెట్టినాడేటి? ఆడికి సిన్నప్పట్నుండీ అదే అలవాటు, రైల్లోనూ అంతే.”

“లేదత్తా. నేను పట్టుకున్నాను. పెట్టనివ్వలేదు.”

“అదే, పక్కన నువ్వున్నావు కదా” అంది.